చేతులు, కాళ్ల తిమ్మిర్లు: ఏ వేలో చూస్తే ఏ నరమో తెలుస్తుంది

తిమ్మిరి అనగానే రక్తం ఆడట్లేదనుకుంటాం. ఎక్కువసార్లు ఇబ్బంది నరంలో ఉంటుంది. చర్మం పట్టిన స్పర్శ నరం వెంట సెకనుకు 35 నుంచి 75 మీటర్ల వేగంతో వెన్నుపాముకు, అక్కడి నుంచి మెదడుకు చేరుతుంది. దారిలో నరం ఎక్కడ నలిగినా, మొద్దుబారేది ఆ నరం స్పర్శ మోసుకొచ్చే చోటే. అందుకే మందుల షాపుకి వెళ్లేముందు ఏ వేళ్లో చూసుకోండి.

బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలు: రాత్రి తిమ్మిరెక్కి మెలకువ వస్తుంది, చెయ్యి విదిలిస్తే తగ్గుతుంది. మణికట్టులోని ఇరుకు దారిలో మీడియన్ నరం నలుగుతోందన్నమాట. రోజూ ఎల్బీ నగర్ నుంచి హైటెక్ సిటీ దాకా బండి హ్యాండిల్ బిగపట్టి నడిపేవాళ్లకు ఇది ఇంకా ముదురుతుంది. మణికట్టు వంగకుండా ఉంచే స్ప్లింట్ ఆరు వారాలు రాత్రిపూట కట్టుకోండి. షుగర్, థైరాయిడ్ పరీక్షలు చేయించండి. బొటనవేలి మొదట్లో కండ పల్చబడుతుంటే మాత్రం ఆగొద్దు, ఆపరేషన్ అవసరం కావచ్చు.

చిటికెన వేలు, ఉంగరపు వేలు: నరం మోచేతి దగ్గర నలుగుతోంది. బల్ల అంచుకు మోచెయ్యి ఆనించొద్దు. రాత్రి మడవకుండా తువాలు చుట్టుకుని పడుకోండి.

రెండు పాదాలూ, మేజోడు తొడిగినట్టు: మొదటి అనుమానం షుగర్. పొడవైన నరాలు ముందు దెబ్బతింటాయి కాబట్టి వేళ్ల కొసల్లో మొదలై పైకి పాకుతుంది. కాలి చెప్పు జారిపోయినా తెలియదు, ఇంటికొచ్చి చూసుకుంటే ఒక్కటే ఉంటుంది. డాక్టరు 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ దారం అరికాలికి ఆనించి చూస్తారు. అది తెలియకపోతే పాదానికి రక్షణ పోయినట్టే. మే నెల ఎండలో గుడి చుట్టూ గానీ, ఆషాఢంలో బోనాల ఊరేగింపులో గానీ ఉత్త కాళ్లతో నడవకండి. బొబ్బలు లేచినా నొప్పి తెలియదు. కాళ్లకు వేడినీళ్లు పోసుకునేముందు మోచేత్తో చూడండి. రోజూ రాత్రి అరికాలి కింద అద్దం పెట్టి చూసుకోండి.

షుగర్‌కి ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లకు, పాలూ గుడ్లూ మాంసమూ ఏదీ ముట్టనివాళ్లకు బీ12 తగ్గి ఇవే లక్షణాలు రావచ్చు. పరీక్ష చేయించి, తక్కువుంటేనే ఆ విటమిన్ వేసుకోండి. "నరాల బిళ్లలు" సొంతంగా నెలల తరబడి మింగడం మంచిది కాదు. వాటిలో బీ6 మోతాదు మించితే అదే నరాలను పాడుచేస్తుంది.

పాలిపోయిన లేదా ఎర్రటి మచ్చ మీద దూది తాకినా తెలియకపోతే: కుష్ఠు అయ్యుండొచ్చు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందులు ఉచితం, ఆరు నెలల నుంచి ఏడాది వాడితే నయమవుతుంది. సిగ్గుపడి దాచుకుంటే పోయిన స్పర్శ తిరిగి రాదు.

ఒక్కసారిగా ఒకవైపు ముఖం, చెయ్యి, కాలు మొద్దుబారితే: పక్షవాతం కావచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయండి. రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. మనిషి చివరిగా మామూలుగా ఉన్న సమయం రాసిపెట్టుకోండి. ఆసుపత్రిలో ముందుగా అడిగేది అదే.