అమెరికాలో పోస్ట్‌మ్యాన్‌కు పండుగ కానుక

అమెరికాలో స్థిరపడిన మనవాళ్లు దసరా మామూలు అలవాటు కొద్దీ డిసెంబరులో పోస్ట్‌మ్యాన్ చేతిలో నోటు పెట్టబోతారు గాని, అక్కడి తపాలా ఉద్యోగులు ఫెడరల్ నిబంధనల ప్రకారం నగదును, అది ఒక్క డాలరైనా సరే, తీసుకోకూడదు. ఒక సందర్భానికి 20 డాలర్లకు మించని వస్తువును, ఏడాది మొత్తం మీద ఒకరి నుంచి 50 డాలర్లు దాటకుండా స్వీకరించవచ్చు. ఫలానా దుకాణంలోనే చెల్లే గిఫ్ట్ కార్డుకూ ఇదే పరిమితి వర్తిస్తుంది. డబ్బుగా మార్చుకోగలిగే కార్డు మాత్రం పనికిరాదు. నా మట్టుకు, మంచులో ఇల్లిల్లూ తిరిగే మనిషికి ఒక జత ఉన్ని చేతితొడుగులు, నాలుగు ముక్కల కృతజ్ఞతల చీటీతో కలిపి స్వయంగా చేతికి అందించడమే మేలనిపిస్తుంది. తెల్లవారుజామున వార్తాపత్రిక వేసి వెళ్లే వ్యక్తికి ఈ ఫెడరల్ నిబంధన వర్తించదు కనుక, కవరులో నగదు పెట్టి ఇవ్వవచ్చు.