పాత టాటా 207 పికప్‌కి టర్బో ఎక్కించాలంటే

టర్బో అంటే ఎగ్జాస్ట్ పొగ తోపుకి తిరుగుతూ ఇంజిన్‌లోకి గాలిని నొక్కి పంపే చిన్న ఫ్యాను. దాన్ని బిగించడానికి నాలుగు స్టడ్లు, రెండు పైపులు చాలు. కానీ అది పుట్టించే వేడిని బండి తట్టుకోవాలి, దానికి ఆయిల్ ఒక్క క్షణం కూడా ఆగకుండా అందాలి, పెరిగిన బలానికి తగ్గట్టు బ్రేకు పట్టాలి. పనంతా అక్కడే ఉంది. నేను చెన్నైలో అంబత్తూరు ఎస్టేట్‌లో చాలాకాలం టూల్ రూమ్‌లో పనిచేశాను. ఇంటి కింద కార్ పార్కింగ్‌లో ఒక వెల్డింగ్ సెట్టు, గ్రైండరు, బెంచ్ వైస్ పెట్టుకున్నాను. లేత్ లేదు, అవసరమూ రాలేదు. అంబత్తూరులో జాబ్ వర్క్ చేసే లేత్ షాపులకు కొదవ లేదు, డ్రాయింగ్ గీసి ఇస్తే సాయంత్రానికి ఫ్లాంజ్ (పైపు చివర బోల్టులతో బిగించే పలక) చేతిలో పెడతారు.

ఎందుకీ తిప్పలంటే, నగరి దాటాక మాకో మామిడి తోట ఉంది. తోతాపురి కోతలప్పుడు క్రేట్లు నింపితే పాత టాటా మొబైల్ 207 గట్టు ఎక్కలేక ఫస్ట్ గేరులోనే మూలుగుతుంది. స్పీడు నాకు అక్కర్లేదు. తక్కువ ఆర్‌పీఎమ్‌లో లాగే శక్తి కావాలి. మీకు హైవే మీద రేసు సరదా ఉంటే ఈ పద్ధతి నచ్చదు, ఇక్కడే ఆపేయండి.

చట్టం సంగతి ముందే తేల్చుకోవాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ మారేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో ఒక్కో మార్పుకి యజమానికి 5000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. ఇన్సూరెన్స్ వాళ్లకి క్లెయిమ్ తిప్పికొట్టడానికి ఇంతకంటే మంచి సాకు దొరకదు. అందుకే మా బండి రోడ్డెక్కదు. తోట దాకా ఫ్లాట్‌బెడ్ రికవరీ లారీ మీద వెళ్లింది, తోటలోనే తిరుగుతుంది. రోడ్డు మీద నడపాలనుకుంటే కొనకముందే ఆర్‌టీఓ ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి. మెకానిక్ "ఏం కాదన్నా" అన్న మాట చెకింగ్‌లో చెల్లదు.

ఇప్పుడు ఇంజిన్. టర్బో లేకుండా పుట్టిన ఇంజిన్‌కి బయటి టర్బో తగిలించడం ఒక దారి, కంపెనీయే టర్బోతో చేసిన ఇంజిన్‌ని మొత్తంగా తెచ్చి బిగించడం రెండో దారి. నా ఓటు రెండోదానికే. మొదట్లో వచ్చిన 207లో టర్బో లేని 1948 సీసీ డీజిల్ ఇంజిన్ ఉండేది. 1998లో వచ్చిన సఫారీలో అదే 1948 సీసీ టర్బోతో వచ్చింది. అంటే మానిఫోల్డు (సిలిండర్ల నుంచి పొగని టర్బోకి చేర్చే పైపులు), ఆయిల్ పైపులు, డీజిల్ పంపు అన్నీ ఒకదానికొకటి సరిపడేలా తయారైన సెట్టు స్క్రాప్‌లో దొరుకుతుంది. టర్బో కోసం చేసిన ఇంజిన్లలో సాధారణంగా పిస్టన్ కింద ఆయిల్ చిమ్మే జెట్లు, గట్టి హెడ్ గాస్కెట్ ఉంటాయి. బయటి నుంచి వాటిని ఎక్కించడం మన పార్కింగ్‌లో అయ్యే పని కాదు. తర్వాతి 207 డీఐ ఇంజిన్ వేరు, దాన్ని దీంతో కలపకండి.

వెతకాల్సింది ఎగ్మోర్ పక్కన పుదుపేటలో. పొద్దున్నే వెళ్లండి, మధ్యాహ్నానికి ఎండా బేరమూ రెండూ ముదురుతాయి. వెళ్లేముందు మీ బండి బెల్ హౌసింగ్ (ఇంజిన్, గేర్‌బాక్సు కలిసేచోట ఉండే డొప్ప) బోల్టు రంధ్రాల్ని అట్టముక్క మీద అచ్చు తీసుకోండి. అక్కడ "అన్నీ సేమ్ సార్" అంటారు, అట్ట ఆనించి చూస్తే రెండు నిమిషాల్లో తేలుతుంది. ఇంజిన్ నంబర్ చెరిపేసి ఉన్నా, గీరినట్టున్నా ఎంత చవకైనా వదిలేయండి. నంబర్ రాసిన బిల్లు లేకుండా బయటికి రావద్దు.

టర్బోని చేతిలోకి తీసుకుని చూడాలి. షాఫ్ట్‌ని పట్టుకుని పక్కలకి కదిపితే కొంచెం కదలడం మామూలే, ఆయిల్ లేనప్పుడు ఆ బేరింగుల తీరే అంత. ముందుకూ వెనక్కీ లాగితే మాత్రం ఆట తెలియకూడదు. రెక్కలు లోపలి గోడకి ఒరుసుకున్న గుర్తులుంటే పక్కన పెట్టండి. గాలి బయటికి వెళ్లే మూతిలో వేలు పెట్టి చూడండి. పల్చటి జిడ్డు పర్లేదు, ఆయిల్ కారుతోందంటే సీలు పోయినట్టే. వేస్ట్‌గేట్ (గాలి ఒత్తిడి ఎక్కువైతే పొగని పక్కకి వదిలే తలుపు) రంధ్రం చుట్టూ వెంట్రుకంత పగుళ్లు పాత టర్బోల్లో తరచూ కనిపిస్తాయి. అవి ఫ్లాంజ్ దాకా పాకాయా లేదా అన్నదే చూడాలి.

ఇంజిన్ దించేటప్పుడు ఒక మాట. మనవైపు పాత ఇళ్లల్లో ఊయల కొక్కేలుంటాయి, వాటికి చైన్ పుల్లీ తగిలించే మహానుభావుల్ని చూశాను. ఊళ్లో పిల్లలు ఊగే కొక్కెం అది, రెండు క్వింటాళ్ల దాకా తూగే ఇనుముకి కాదు. ఇంజిన్ క్రేన్ రోజు అద్దెకి దొరుకుతుంది. బండి కింద దూరేటప్పుడు జాకీ స్టాండ్లే వాడండి. హాలో బ్లాకుల్ని నమ్మి కింద పడుకోవద్దు, అవి పగిలే ముందు చెప్పవు.

కంపెనీ మానిఫోల్డ్ దొరకకపోతే తయారు చేయాలి. చాలామంది స్టీల్ మెరుపు చూసి 304 పైపు అడుగుతారు. వేడికి అది మైల్డ్ స్టీల్ కంటే ఎక్కువ సాగుతుంది, సపోర్టు సరిగా లేకపోతే వెల్డింగ్ దగ్గరే చీలుతుంది. డీజిల్‌కి మందమైన గోడ ఉన్న మైల్డ్ స్టీల్ పైపు, 12 మిల్లీమీటర్ల ఫ్లాంజ్ చాలు. ఫ్లాంజ్‌ని పాత సిలిండర్ హెడ్‌కి బిగించి ఉంచే వెల్డింగ్ చేయండి, కొంచెం ఇటు కొంచెం అటు మార్చి మార్చి వేస్తూ, పూర్తిగా చల్లారాకే విప్పండి. ఎంత జాగ్రత్త పడినా కాస్త వంగుతుంది, సర్ఫేస్ గ్రైండింగ్‌కి ఇచ్చి చదును చేయించాలి. టర్బో బరువు మానిఫోల్డ్ మీద వేలాడకూడదు, ఇంజిన్ బ్లాకు నుంచి ఒక బ్రాకెట్ వేయండి. బండి మీద ఏ వెల్డింగ్ చేసినా ముందు బ్యాటరీ తీగలు, ఆల్టర్నేటర్ కనెక్షన్ తీసేయాలి, డీజిల్ ట్యాంకు బండి నుంచే దించేయాలి.

ఆయిల్ విషయంలో పిసినారితనం పనికిరాదు. టర్బో షాఫ్ట్ నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరుగుతుంది, దాన్ని మోసేది ఆయిల్ పొర ఒక్కటే. ఆయిల్ వచ్చే పైపు సన్నగా ఉన్నా పర్లేదు, తిరిగి పోయేది లావుగా ఉండాలి. లోపల కనీసం 16 మిల్లీమీటర్లు ఉంచండి. టర్బో నుంచి సంప్ (ఇంజిన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టి) దాకా నిటారుగా, మధ్యలో ఎక్కడా గుంత పడకుండా, సంప్‌లోని ఆయిల్ మట్టానికి పైన కలవాలి. ఆ ఆయిల్ ప్రెషర్‌తో కాదు, బాత్రూమ్ నీళ్లు తూముకి పారినట్టు తన బరువుతోనే దిగుతుంది. అక్కడ అడ్డు పడితే సీలు దాటి ఎగ్జాస్ట్‌లోకి వస్తుంది, నీలం పొగ చూసి టర్బో పోయిందనుకుని కొత్తది కొంటారు. సంప్‌కి రంధ్రం చేయడానికి దాన్ని విప్పి బయటికి తీయాల్సిందే. లోహపు పొడి లోపల పడితే ఇంజినే పోతుంది.

టర్బో నొక్కిన గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ మన ఊళ్లో తప్పనిసరి. 35 డిగ్రీల గాలిని 0.6 బార్ బూస్ట్‌కి (టర్బో అదనంగా ఇచ్చే గాలి ఒత్తిడి) నొక్కితే మామూలు కంప్రెసర్ దాన్ని వంద డిగ్రీల దగ్గరికి తీసుకెళ్తుంది. కత్తెర ఎండలో ఇంకా పైకే. రేడియేటర్ ముందు గాలి తగిలేచోట పెట్టండి, రేడియేటర్‌కి గాలి తగ్గకుండా చుట్టూ అల్యూమినియం రేకుతో దారి కట్టండి. సిలికాన్ హోస్‌లకి మామూలు వార్మ్ క్లాంపులు కాదు, టీ-బోల్టు క్లాంపులు వేయాలి. డబ్బు ఎక్కడ పోయిందా అని లెక్క చూస్తే టర్బో కన్నా ఈ హోసులు, క్లాంపులు, బ్రేకులకే ఎక్కువైంది.

బూస్ట్ పెరిగితే డీజిల్ కూడా పెరగాలి. టర్బో ఇంజిన్ పంపు మీద బూస్ట్‌ని చూసి డీజిల్ పెంచే డయాఫ్రమ్ ఉంటుంది. అది లేని పంపుకి స్క్రూ తిప్పి డీజిల్ పెంచితే బూస్ట్ రాకముందే నల్లపొగ, ఆ పొగలోనే మీ డబ్బు. పంపుని ఇంట్లో విప్పవద్దు, కాలిబ్రేషన్ బెంచి ఉన్న షాపుకే ఇవ్వండి.

ఇక గేజ్‌లు. బూస్ట్ గేజ్ అందంగా ఉంటుంది, ఎగ్జాస్ట్ వేడి గేజ్ ఇంజిన్‌ని కాపాడుతుంది. రెండింటికీ డబ్బు లేకపోతే రెండోదే కొనండి. ఆ గేజ్‌కి వేడిని అందించే కే-టైప్ థర్మోకపుల్‌ని టర్బోకి ముందు, మానిఫోల్డ్‌లోనే పెట్టాలి. లోడ్‌తో గట్టెక్కేటప్పుడు 650 డిగ్రీలు దాటుతుంటే కాలు తీయండి, ముల్లు 700 దగ్గరే నిలబడిపోతుంటే డీజిల్ తగ్గించాల్సిందే. బూస్ట్‌ని నేను 0.6 దగ్గరే వదిలేశాను. 'వన్ బార్ పెట్టు బాబాయ్' అని మా అన్న కొడుకు చెవి కొరుకుతూనే ఉంటాడు. ఆ గట్టు ఎక్కడానికి ఇది చాలు, హెడ్ గాస్కెట్ మార్చే ఓపిక నాకు లేదు.

బ్రేకులు, క్లచ్ గురించి చెప్పేది తక్కువ: రెండూ కొత్తవి వేయండి. ఖాళీ పికప్ వెనక తేలిగ్గా ఉంటుంది కాబట్టి బరువుని బట్టి వెనక బ్రేకు ఒత్తిడిని మార్చే లోడ్ వాల్వ్ సరిగా పనిచేస్తోందో చూడండి. లేకపోతే వెనక చక్రాలు లాక్ అయి బండి అడ్డం తిరుగుతుంది. లీఫ్ స్ప్రింగుల యూ-బోల్టులు కూడా మార్చేయండి.

మొదటిసారి స్టార్ట్ చేసేముందు టర్బో ఆయిల్ మూతిలో శుభ్రమైన ఇంజిన్ ఆయిల్ పోసి చేత్తో షాఫ్ట్ తిప్పండి. పంపులో డీజిల్‌ని ఆపే కరెంటు వాల్వు, అంటే స్టాప్ సోలనాయిడ్ తీగ పీకేసి, ఆయిల్ ప్రెషర్ లైటు ఆరేదాకా ఆగి ఆగి క్రాంక్ చేయండి. ఆ తర్వాతే తీగ పెట్టి స్టార్ట్ చేసి, ఐడిల్‌లోనే వదిలి కింద ఎక్కడైనా ఆయిల్ కారుతోందేమో చూడండి. పక్కన ఏబీసీ ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఉండాలి, బకెట్ నీళ్లు డీజిల్ మంటకి పనికిరావు. లోడ్‌తో తిరిగొచ్చాక ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచి ఆపండి. లేదంటే వేడెక్కిన బేరింగులో ఆయిల్ మాడి గట్టిపడుతుంది.

15డబ్ల్యూ40 డీజిల్ ఆయిల్ వాడుతున్నాను, టర్బో లేనప్పటికంటే ముందుగానే మారుస్తాను. కొత్తలో లోడ్‌తో రెండు మూడు సార్లు తిరిగాక మానిఫోల్డ్ నట్లు వదులవుతాయి. ఇంజిన్ పూర్తిగా చల్లారాక టార్క్ రెంచ్‌తో మళ్లీ బిగించండి, హోస్ క్లాంపులూ అప్పుడే ఒకసారి చూడండి.