సెలవుల్లో జిమ్‌లో చేరే ముందు: ఏ కండరానికి వారానికి ఎన్నిసార్లు?

ఇంటర్ పరీక్షలు అయిపోగానే మన ఊళ్లలో జిమ్‌లు నిండిపోతాయి. రెండు నెలల్లో ఒళ్లు తయారైపోవాలన్న ఆత్రం, బయట నలభై దాటిన ఎండ, నెత్తిన రేకుల కప్పు. ఇలాంటప్పుడు మొదటి పదిహేను రోజులే ఎక్కువ ప్రమాదం. చేరిన రోజే బైసెప్స్‌కి (చేతి ముందు కండకి) ఇరవై సెట్లు (ఆపకుండా ఎత్తే ఒక్కో విడత ఒక సెట్) కొట్టి, మర్నాడు అన్నం ముద్ద నోటిదాకా ఎత్తలేని పిల్లల్ని చూస్తే నాకు భయమేస్తుంది.

కొత్తవాళ్లకి ఒక్కో కండరానికి వారానికి రెండుసార్లు చాలు. మధ్యలో కనీసం 48 గంటలు విడవాలి. బరువులెత్తాక కండరం బాగుపడి పెరిగే పని ఒకటి రెండు రోజులు సాగుతుంది, ఆ పని జరగనివ్వాలి. సోమవారం, గురువారం ఒళ్లంతటికీ చేయండి. మొదటి రెండు వారాలు కండరానికి రోజుకి రెండేసి సెట్లు మించొద్దు. ఆ తర్వాత మెల్లగా పెంచుకుంటూ వారానికి పది సెట్ల దాకా వెళ్లొచ్చు.

'సోమవారం చెస్ట్, మంగళవారం షోల్డర్స్, బుధవారం ట్రైసెప్స్' అని చాలాచోట్ల చెప్తారు (ట్రైసెప్స్ అంటే చేతి వెనక కండ). ఇక్కడ ఒక లెక్క తప్పుతుంది. చెస్ట్‌కి చేసే బెంచ్ ప్రెస్‌లో (వెల్లకిలా పడుకుని బరువు పైకి నెట్టడం) భుజం ముందు భాగం, ట్రైసెప్స్ కూడా పనిచేస్తాయి. షోల్డర్ ప్రెస్‌లోనూ (బరువు తలపైకి నెట్టడం) అంతే. అంటే పేరుకి వారానికొకసారి, నిజానికి ట్రైసెప్స్‌కి వరసగా మూడు రోజులు. నడుము సంగతీ ఇంతే: స్క్వాట్ (బరువు మోస్తూ గుంజీలా కూర్చుని లేవడం) చేసిన మర్నాడే డెడ్‌లిఫ్ట్ (నేల మీది బరువు పట్టుకుని పైకి లేవడం) పెట్టుకోకండి.

నాలుగైదు నెలలు మానేసి తిరిగి వచ్చేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. పాత బరువులు మనకి గుర్తుంటాయి గానీ కండరానికి ఆ అలవాటు పోయి ఉంటుంది. సగం బరువుతో మొదలుపెట్టండి.

ఎండల్లో పొద్దున్నే వెళ్లడం మేలు. ముందే నీళ్లు తాగండి, వచ్చాక ఉప్పేసిన మజ్జిగ. జ్వరమో విరేచనాలో ఉంటే ఆ రోజు మానేయండి. చెమట పట్టాలని ప్లాస్టిక్ జాకెట్లు మాత్రం వద్దు.

ఒళ్లు పులవడం మామూలే. ఒకటి రెండు రోజుల్లో ఎక్కువై, తర్వాత తగ్గిపోతుంది. కానీ చెయ్యి వాచి చాచలేకపోతున్నా, నొప్పి రోజురోజుకీ ముదురుతున్నా, ముఖ్యంగా మూత్రం టీ డికాషన్ రంగులో వస్తున్నా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. అది రాబ్డోమయోలిసిస్ అనే జబ్బు కావచ్చు. అందులో కండరం చితికి, లోపలి పదార్థాలు రక్తంలో కలిసి కిడ్నీలను దెబ్బతీస్తాయి. మెడికల్ షాపులో నొప్పి మాత్ర కొనుక్కుని పడుకోవద్దు, కొన్ని మాత్రలు కిడ్నీల మీద ఇంకా భారం వేస్తాయి. ఇంట్లో తిడతారని దాచకండి. ఏ రోజు, ఏ కండరానికి, ఎన్ని సెట్లు చేశారో డాక్టరుకి ఉన్నదున్నట్టు చెప్పండి. సీపీకే అనే రక్తపరీక్ష చేయిస్తే కండరం ఎంత దెబ్బతిందో తెలుస్తుంది.