కడపలో లాంగ్‌బోర్డ్ ఎలా చేయాలి? ముందు రెసిన్ వేళ తెలుసుకోండి

లాంగ్‌బోర్డ్ అంటే సముద్రపు అలల మీద నిలబడి జారే పొడవాటి సర్ఫ్‌బోర్డ్. కడపలో సర్ఫ్‌బోర్డ్ ఏంటని నవ్వేవాళ్లను నవ్వుకోనివ్వండి. రోడ్డు మీద చెన్నై మనకు సుమారు 260 కిలోమీటర్లు. తెల్లవారుజామున మూడింటికి కారెక్కితే పొద్దు మరీ ఎక్కకముందే చెన్నై దాటి మహాబలిపురం దారిలో ఉన్న కోవళం బీచ్ చేరొచ్చు. వాడేది అక్కడ, చేసేది ఇక్కడ. నిజానికి చేయడానికి మన ఊరే మేలు. సంక్రాంతికి ముందూ వెనకా మన దగ్గర గాలి పొడిగా ఉంటుంది. థర్మాకోల్ దిమ్మ చెక్కి, దాని మీద గాజు గుడ్డను అతికించే ఎపాక్సీ రెసిన్ అనే జిగురుకు కావలసింది అదే. సముద్రం పక్కన కూర్చుని చేసేవాళ్లకు ఆ సుఖం లేదు.

ఆ మేలంతా మనవాళ్లు ఒక్క పూటలో చెడగొట్టుకుంటారు. ఎండకు భయపడి, చల్లగా ఉంటుంది కదా అని పొద్దున్నే రెసిన్ పట్టడం మొదలుపెడతారు. పదిన్నరయ్యేసరికి బోర్డ్ నిండా బుడగలు. చూసీ చూసీ విసుగొచ్చి ఇది రాస్తున్నాను. మిగతా పనులు గబగబా చెప్పేస్తాను. రెసిన్ దగ్గర మాత్రం నిదానంగా చదవండి.

కొలతలు

మొదటి బోర్డ్ పొడవు 9 అడుగుల 2 అంగుళాలు, వెడల్పు 23 అంగుళాలు, మందం 3 అంగుళాలు. 65 నుంచి 80 కిలోల మనిషికి ఇది చాలు. 9 అడుగులకు తగ్గితే దాన్ని లాంగ్‌బోర్డ్ అనకండి. ముందు కొసను నోస్ అంటారు, వెనక కొసను టెయిల్. నోస్ నుంచి అడుగు లోపల 18 అంగుళాల వెడల్పు, టెయిల్ నుంచి అడుగు లోపల 15 పెట్టుకోండి. అన్నిటికన్నా వెడల్పైన చోటు బోర్డ్ మధ్య కన్నా ఒక అంగుళం ముందుకు ఉండాలి.

పక్క నుంచి చూస్తే కనిపించే వంపు పేరు రాకర్. నోస్ దగ్గర నాలుగున్నర అంగుళాలు లేవాలి, టెయిల్ దగ్గర మూడు. వంపు ఎక్కువైతే బోర్డ్ నీటిని తోసుకుంటూ నిలిచిపోతుంది, మెత్తటి అలను అందుకోలేదు. తక్కువైతే అల మీంచి దిగేటప్పుడు ముక్కు నీళ్లలో గుచ్చుకుంటుంది. చేపతోక టెయిల్, మూడు ఫిన్‌లు (అడుగున బిగించే రెక్కలు) లాంటి షోకులు మొదటి బోర్డ్‌కు వద్దు. ఒకే ఫిన్, గుండ్రటి అంచులు, అంతే.

ఏం కొనాలి

థర్మాకోల్ దిమ్మ మూడు మీటర్ల పొడవుది, డెన్సిటీ 24కి తగ్గకుండా కావాలి. అంటే ఘనపు మీటరుకు 24 కిలోలు. చెన్నై, బెంగళూరు ఫ్యాక్టరీల వాళ్లకు ఆ అంకె చెబితే చాలు. పెళ్లి మండపాలకు, వినాయక చవితి సెట్టింగులకు వాడేది మాత్రం పనికిరాదు. బొటనవేలితో నొక్కి చూడండి, సులువుగా గుంట పడిందంటే అది ఆ రకమే. పై కొలతల బోర్డ్ ఘనపరిమాణం 75 లీటర్ల దగ్గర ఉంటుంది కాబట్టి చెక్కడం అయ్యాక థర్మాకోల్ బరువు రెండు కిలోలు కూడా ఉండదు.

తలుపులు, నీళ్ల ట్యాంకులు చేసే ఫైబర్ షాపుకెళ్లి ‘రెసిన్ ఇవ్వండి’ అంటే పాలిస్టర్ రెసిన్ చేతిలో పెడతారు. అది తగిలితే థర్మాకోల్ కళ్ల ముందే కరిగిపోతుంది. ఎపాక్సీ అని అడగండి, డబ్బా మీద చదివి కొనండి. దాన్ని గట్టిపరచడానికి కలిపే హార్డెనర్ స్లో రకానిదే ఉండాలి. ఇంజినీరింగ్ పిల్లలు ప్రాజెక్టులకు వాడే, 100 పాళ్లకు 10 పాళ్లు కలిపే ఎపాక్సీ ఎక్కడైనా దొరుకుతుంది గానీ, మన వేడికి అది కప్పులోనే బిగుసుకుంటుంది. రెసిన్, హార్డెనర్ రెండూ కలిపి మూడు కిలోలు తీసుకోండి. గ్లాస్ క్లాత్, అంటే గాజు గుడ్డ, 200 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకు 200 గ్రాములు), మీటరు పన్నాది పది మీటర్లు. పీచులు పీచులుగా ఉండే మ్యాట్ ఇస్తానంటారు, వద్దనండి. అది రెసిన్‌ను తెగ తాగి బోర్డ్ బరువు పెంచుతుంది.

ఇవి కాక 4 మిల్లీమీటర్ల ప్లైవుడ్, రెసిన్‌ను చిక్కబరిచే మైక్రోబెలూన్ పొడి, వంటింటి డిజిటల్ త్రాసు, నైట్రైల్ గ్లౌజులు, మంచి మాస్క్, రెసిన్‌ను లాగి పరిచే రెండు ప్లాస్టిక్ స్క్వీజీలు, 80, 120, 220 నంబర్ల ఉప్పుకాగితం. గ్లౌజుల విషయంలో పిసినారితనం వద్దు. ఎపాక్సీ ఒంటికి తగులుతూ పోతే ఒకరోజు ఎలర్జీ మొదలవుతుంది, ఆ తర్వాత జన్మలో ఆ డబ్బా మూత తీయలేరు.

‘అసలైన సర్ఫ్‌బోర్డ్ పాలీయురేథేన్ ఫోమ్‌తోనే’ అని వాదించేవాళ్లు తగులుతారు. 1950ల చివర నుంచి ప్రపంచమంతా అదే వాడిన మాట నిజమే. అమెరికాలో ఆ ఫోమ్ దిమ్మల్లో సింహభాగం చేసిన క్లార్క్ ఫోమ్ 2005 డిసెంబర్‌లో ఒక్కసారిగా మూతపడింది. అప్పటి నుంచే చాలామంది థర్మాకోల్, ఎపాక్సీ వైపు చూశారు, వాటితో మంచి బోర్డులు చేసి చూపించారు. ఫోమ్ దిమ్మను ఎక్కడి నుంచో లారీలో తెప్పించుకునే ఖర్చుతో ఇక్కడ బోర్డ్ మొత్తం అయిపోతుంది. చెక్కతో చేస్తామనేవాళ్లకు నా దగ్గర జవాబు లేదు. మన ఇళ్ల తలుపులు వానల్లో ఎలా బిగుసుకుంటాయో, మే నెలలో ఎలా బీటలిస్తాయో వాళ్లకూ తెలుసు.

కోత, చెక్కుడు

రాకర్ ఆకారంలో రెండు ప్లైవుడ్ పలకలు కోసి దిమ్మకు అటూ ఇటూ మేకులతో బిగించండి. వేడి నైక్రోమ్ వైరును వాటి వెంబడి ఇద్దరు లాగాలి. ఈ పని మీరే నేర్చుకోవాలని పంతం పట్టకండి. పెళ్లి డెకరేషన్లకు అక్షరాలు, హంసలు కోసే కుర్రాళ్ల దగ్గర వైరూ ఉంటుంది, చెయ్యి తిరిగిన పనితనమూ ఉంటుంది. టీ తాగినంత సేపట్లో కోసిచ్చేస్తారు.

తర్వాత దిమ్మను పొడవునా సగానికి కోసి, అదే వంపులో కోసిన ప్లైవుడ్ పట్టీని, అంటే స్ట్రింగర్‌ను, మధ్యలో ఎపాక్సీతో అతికించి మళ్లీ ఒక్కటి చేయండి. దిమ్మకు అటూ ఇటూ కడప బండలు జరిపి రాత్రంతా బిగించి ఉంచితే చాలు. క్లాంపుల కోసం బజారు తిరగక్కర్లేదు. బండలు మనకు కరువా?

సగం బోర్డ్ ఆకారం అట్ట మీద గీసి, అదే అట్టను తిప్పి రెండో సగానికీ వాడండి. రెండు సగాలకు రెండు అట్టలు గీసినవాళ్ల బోర్డ్ ఎప్పుడూ ఒక పక్కకు లాగుతుంది. రంపంతో కోసి, స్ట్రింగర్‌ను చిత్రిక పట్టి, మిగతాది పొడవాటి చెక్కకు చుట్టిన 80 నంబర్ ఉప్పుకాగితంతో రుద్దండి. తల పైన లైటు ఆర్పేసి, ట్యూబ్‌లైటును బోర్డ్ ఎత్తులో పక్కన పెట్టండి. ఎగుడుదిగుళ్లు నీడలుగా పడతాయి, వేలికి అందనివి కంటికి దొరుకుతాయి. అంచులు గుండ్రంగా, టెయిల్ దగ్గర ఆఖరి అడుగులో మాత్రం కింది వైపు కాస్త పదునుగా ఉండాలి. మిద్దె మీద రుద్దేట్టయితే గాలి లేని పూట చూసుకోండి. ఆ తెల్ల గింజలు పక్కింటి ఒడియాల మీద పడితే తర్వాత జరిగేదానికి నా పూచీ లేదు.

రెసిన్ పని

రెసిన్ గట్టిపడేలోపు థర్మాకోల్ వేడెక్కుతోందా, చల్లబడుతోందా? బోర్డ్ బాగుపడేదీ పాడయ్యేదీ ఇక్కడే. థర్మాకోల్ గింజల సందుల్లో గాలి ఉంటుంది. వేడెక్కితే అది వ్యాకోచించి బయటికి తోసుకొస్తుంది, పైన తడి రెసిన్ ఉంటే దాన్నీ, గుడ్డనూ కలిపి పొంగిస్తుంది. చల్లబడుతుంటే అదే గాలి ముడుచుకుని రెసిన్‌ను లోపలికి లాక్కుంటుంది, గుడ్డ గట్టిగా కరుచుకుంటుంది. జనవరిలో పొద్దున ఏడింటికి చలిగా ఉన్న గది పదకొండుకు ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా? పొద్దున పట్టిన రెసిన్ గట్టిపడేది సరిగ్గా ఆ వేడి పెరిగే గంటల్లోనే.

అందుకే సాయంత్రం ఐదున్నర దాటాక మొదలుపెట్టండి. మధ్యాహ్నం నుంచి బోర్డ్‌ను పై గదిలో ఉంచి, పని వేళకు కింది చల్లని గదిలోకి దించండి. ముట్టుకుంటే గోరువెచ్చగా ఉండాలి, అంతకు మించి వద్దు. నేరుగా ఎండలో పెట్టడం ఇంకో రకం తెలివితక్కువ పని. బండలు పరిచిన పాత మిద్దె ఇళ్లయితే పైకప్పు రాత్రి తొమ్మిది దాకా వేడి కక్కుతూనే ఉంటుంది. ఆ గదిలో ఈ పని పెట్టుకోకండి.

నెలలు కూడా చూసుకోవాలి. డిసెంబర్ చివర నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. పది డిగ్రీల వేడి పెరిగితే ఎపాక్సీ మనకిచ్చే సమయం దాదాపు సగానికి పడిపోతుంది. డబ్బా మీద 25 డిగ్రీల దగ్గర 40 నిమిషాలని రాసి ఉంటే, ఏప్రిల్ సాయంత్రం 35 దగ్గర మీకు మిగిలేది 20. అక్టోబర్, నవంబర్ వానల్లో గాలిలో తేమ వల్ల రెసిన్ మీద మైనం లాంటి జిడ్డు పొర తేలుతుంది, దాని మీద ఇంకో పూత పట్టదు. పైగా లైటు వేస్తే ఉసుళ్లు. రెసిన్‌లో పడ్డ ఉసిలి రెక్కలు బోర్డ్ ఉన్నన్నాళ్లూ అందులోనే ఉంటాయి.

గుడ్డ పరిచే ముందురోజు సాయంత్రం కొంచెం ఎపాక్సీలో మైక్రోబెలూన్ పొడి కలిపి, జారుడు దోసెపిండిలా చేసి, బోర్డ్ అంతా స్క్వీజీతో పలచగా లాగండి. గింజల సందులు మూసుకుంటాయి. ఆరాక 120 నంబర్‌తో తేలిగ్గా రుద్దండి. ఇది ఎగ్గొట్టినవాళ్లు మర్నాడు అరకిలో రెసిన్ థర్మాకోల్‌కు తాగిస్తారు.

ఇక కలపడం. పాళ్లు డబ్బా మీద ఎంత రాసి ఉంటే అంతే, త్రాసు మీద తూచి. పాలిస్టర్ పని చేసిన మేస్త్రీలు ‘ఎండగా ఉంది, హార్డెనర్ తగ్గిద్దాం’ అంటారు. పాలిస్టర్‌లో అది చెల్లుతుంది. ఎపాక్సీలో హార్డెనర్ తగ్గితే గట్టిపడటం ఆలస్యం కాదు, ఆ జిగట ఎప్పటికీ పోదు. ఆ గుడ్డ మొత్తం ఊడబెరుక్కోవడం తప్ప దారి ఉండదు. థిన్నర్ కలపమని సలహా ఇచ్చేవాళ్లను గదిలోకే రానివ్వకండి.

ఒక్కసారి 200 గ్రాములకు మించి కలపొద్దు. మూడు నిమిషాలు, కప్పు అంచులూ అడుగూ గీకుతూ కలపండి. కలిపింది కప్పులోనే ఉంచి ఫోన్ మాట్లాడితే లోపల వేడి పుట్టి పొగలు కక్కుతుంది. కలిపిన వెంటనే మొత్తం బోర్డ్ మీద పోసేయాలి. పలచగా పరుచుకుంటే వేడి నిలవదు, సమయం దొరుకుతుంది. పక్కన ఒక మనిషి ఉండి తర్వాతి కప్పు తూచి ఇస్తుంటే టెన్షన్ సగం తగ్గుతుంది.

ముందు అడుగు భాగం. ఒక పొర గుడ్డ, అంచుల నుంచి రెండు అంగుళాలు కిందికి వేలాడేలా కత్తిరించి, నోస్, టెయిల్ దగ్గర వంపులకు గాట్లు పెట్టండి. స్ట్రింగర్ వెంబడి రెసిన్ పోసి, మెల్లగా పరిచి, ఒకట్రెండు నిమిషాలు వదిలేయండి. గుడ్డ తనంతట తాను తాగి గాజులా తేటబడుతుంది. ఆ తర్వాతే మధ్య నుంచి అంచులకు స్క్వీజీతో లాగాలి. తెల్లగా కనిపించే చోట రెసిన్ చాలలేదు. తళతళలాడే చోట ఎక్కువైంది, గుడ్డ తేలుతోంది, లాగేయండి. సరిగ్గా ఉంటే నేత గళ్లు చేతికి తెలుస్తూ, మెరుపు లేకుండా ఉంటుంది. వేలాడే అంచులను కారిన రెసిన్‌తోనే తడిపి కిందికి మడిచి అద్దండి. ఫ్యాన్ ఆపేయండి, దుమ్ము లేస్తుంది. కిటికీ తెరిచే ఉండాలి.

రెసిన్ తీగ సాగడం మొదలైతే చేతులు కట్టుకోండి. ఇంకో చిన్న బుడగ ఉందని అప్పుడు స్క్వీజీ పెట్టినవాళ్లు జానెడు గుడ్డ లేపుతారు. బుడగను తర్వాత రుద్ది, నింపుకోవచ్చు. లేచిన గుడ్డను కూర్చోబెట్టలేరు. చలిరాత్రి కాబట్టి మర్నాడు మధ్యాహ్నం దాకా బోర్డ్ కదపొద్దు. ఇంకా కాస్త మెత్తగా ఉన్నప్పుడే కింద గడ్డకట్టిన చుక్కలను బ్లేడుతో కోసేస్తే ఉప్పుకాగితం పని తగ్గుతుంది.

పై భాగం, అంటే డెక్, ఇంకో సాయంత్రం. మడత అంచులు రుద్ది, నీళ్లతో కడిగి, ఆరబెట్టి, రెండు పొరల గుడ్డతో ఇదే పని. మోకాళ్లు, మడమలు పడేది అక్కడే కాబట్టి రెండు పొరలు తప్పవు.

ఫిన్, తక్కినవి

మీద ఒక పలచటి రెసిన్ పూత, అదీ సాయంత్రమే. గట్టిపడ్డాక 120, 220తో రుద్దండి. గాజు దుమ్ము చర్మానికి గుచ్చుకుంటుంది, పొడుగు చేతుల చొక్కా, మాస్క్ తీయొద్దు.

ఫిన్‌ను బిగించే ఫిన్ బాక్స్ ఆన్‌లైన్‌లో కొని, దాని వెనక అంచు టెయిల్ కొసకు ఐదు అంగుళాల దూరంలో ఉండేలా గాడి తవ్వి ఎపాక్సీతో కూర్చోబెట్టండి. ఫిన్ సైజు తేలిక లెక్క: బోర్డ్ ఎన్ని అడుగులో ఫిన్ అన్ని అంగుళాలు. అంటే మనకు 9. సర్ఫ్‌బోర్డ్‌కు మొదటిసారి ఫిన్ బిగించింది టామ్ బ్లేక్, 1935లో. అంతకుముందు కాలు నీళ్లలో ఈడ్చి బోర్డ్ తిప్పేవాళ్లు. బోర్డ్‌ను కాలికి కట్టుకునే లీష్ తాడు కూడా 9 అడుగులదే. వెంట్ ప్లగ్ ఒకటి తప్పకుండా పెట్టండి. వేడికి లోపలి గాలి ఉబ్బితే పోవడానికి దారి ఉండాలి. మర తిప్పే రకమైతే నీళ్లలో దిగేముందు బిగించడం మరవొద్దు.

రంగు తెలుపే. నలుపు, ముదురు నీలం అందంగా ఉంటాయి గానీ, ఎండలో బయల్దేరితే రాజంపేట చేరేలోపు ఆ డెక్ మీద చెయ్యి పెట్టలేరు. 80 డిగ్రీల దగ్గర థర్మాకోల్ మెత్తబడుతుంది, పై గాజు పొర ఊడి వస్తుంది. కారు పైన డెక్ కిందికి ఉండేలా పెట్టి, తెల్ల దుప్పటి చుట్టి, సన్నతాళ్లు కాకుండా వెడల్పు పట్టీలతో కట్టండి. టీ కోసం ఆగితే చెట్టు నీడలో ఆపండి.

చివరి పూత పట్టాక వారం రోజులు బోర్డ్‌ను నీళ్లకు దూరంగా ఉంచండి. పగులు కనిపిస్తే ఎంత చిన్నదైనా ఆ పూటకు ఒడ్డెక్కి, ఆరబెట్టి, ఎపాక్సీతో మూయాలి. లేకపోతే థర్మాకోల్ సందుల్లోకి నీళ్లు దిగుతాయి. కాలు జారకుండా డెక్‌కు పూసే వ్యాక్స్ ఇంటి దగ్గర పూయకండి, దారిలోనే కరిగి దుప్పటికి అంటుకుంటుంది. వేడి ప్రాంతాలకు చేసిన ట్రాపికల్ రకం కొని, కోవళం చేరాక నీడలో పూసుకోండి.