బోరు నీళ్ళల్లో పెట్రోల్ వాసన వస్తా ఉంటే ఏం చేయాలి?

పోయిన ఎండాకాలం చిత్తూరులో మా చిన్నాయన ఫోన్ చేసినాడు, బోరు నీళ్ళు పెట్రోల్ వాసన కొడతా ఉన్నాయని. నేను పోయేలోపే నాలుగు వానలు పడినాయి, వాసన పోయింది, "ఇంకేముందిరా, సరిపోయింది" అని ఇంట్లో అందరూ మళ్ళీ అవే నీళ్ళు తాగుతా ఉన్నారు. అందరూ తప్పు చేసేది ఇక్కడే.

వాసన వచ్చిన రోజు ముందు మోటర్ స్విచ్ జోలికి పోవద్దండి. పెట్రోల్ ఆవిరి గాలి కంటే బరువు, సంపులో, బోరు గుంతలో అడుగున కూర్చుంటుంది, గాలిలో ఒకటిన్నర శాతం ఉంటే చాలు నిప్పురవ్వ తగిలితే అంటుకుంటుంది. సంపులో దిగడం, అగ్గిపుల్ల గీసి తొంగి చూడడం లాంటివి అస్సలు వద్దు. వాసన గట్టిగా ఉంటే అందరూ బయటికొచ్చి 101 కి ఫోన్ చేయండి.

తర్వాత ఆ నీళ్ళు తాగేదీ వండేదీ ఆపేయాలి, వేడినీళ్ళ స్నానం కూడా. కాచి తాగుతాం అంటారు కొందరు. పెట్రోల్‌లో ఉండే బెంజీన్ అనే విషం 80 డిగ్రీలకే మరుగుతుంది, నీళ్ళల్లో నుంచి లేచింది మీ వంటింట్లోకే కదా వచ్చేది! ఆర్వో మిషన్‌ని కూడా నమ్ముకోవద్దు, అందులో కార్బన్ కొంత పట్టుకుంటుంది గానీ అది ఎప్పుడు నిండిపోయిందో మనకి తెలీదు.

ఇంక వాసన ఎందుకు పోతుందో చెప్తా. పెట్రోల్ అంటే వందల రకాలు కలిసిన కలగూరగంప. ట్యాంకు నుంచో, పైపు నుంచో కారిందంటే మట్టి సందుల్లో దిగతా దిగతా కొంత మట్టికి పట్టుకుంటుంది, కొంత ఆవిరై పైకొస్తుంది, మిగిలింది నీటిమట్టం దాకా పోయి నీళ్ళ కంటే తేలిక కాబట్టి పైన తేలుతుంది. ఎండాకాలం మట్టం దిగితే ఇదీ దాంతోపాటే దిగి అక్కడి మట్టికంతా పూసుకుంటుంది, వానలకి మట్టం లేస్తే నీళ్ళ కింద ఇరుక్కుపోయి కొంచెం కొంచెంగా కరగతా ఉంటుంది. పోలేదు, దాక్కుంది అంతే.

అందులో నీళ్ళల్లో బాగా కరిగేది బెంజీన్, క్యాన్సర్ తెచ్చేదీ అదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన తాగే నీళ్ళల్లో అది లీటరుకు 10 మైక్రోగ్రాములు దాటకూడదు, మన ముక్కుకు తెలియాలంటే మాత్రం సుమారు 10 మిల్లీగ్రాములు ఉండాలి. అంటే వెయ్యింతలు! మనకి కొట్టే వాసన ఎక్కువగా టొలీన్, జైలీన్ లాంటి వాటిది.

మట్టిలో సూక్ష్మజీవులు వీటిని తినేస్తాయి, నిజమే, కానీ గబగబా తినాలంటే వాటికి ఆక్సిజన్ కావాలి. ఇప్పుడు పెట్రోల్‌లో కలుపుతా ఉన్న ఇథనాల్ వాటికి ఇంకా రుచి, ముందు దాన్ని తిని ఆక్సిజన్ అంతా ఖర్చు చేసేస్తాయి, బెంజీన్ అట్లే మిగిలిపోయి ఇంకా దూరం పోతుంది.

మన చిత్తూరు వైపు ఇంకో తంటా, కింద అంతా రాయి. నీళ్ళు రాతి చీలికల్లో నడుస్తాయి, అవి ఎటు పోతాయో పైన నిలబడి చెప్పలేం, పక్కింటి బోరు బాగుంది కాబట్టి మనదీ బాగుంటుందని లేదు. పైగా మోటర్ గంటలకొద్దీ వేస్తే వాసన కొట్టుకుపోతుందని ఎవరో సలహా ఇస్తారు, అట్లా తోడితే దూరంగా ఉన్న పెట్రోల్‌ని కూడా మన బోరు వైపుకే లాక్కుంటాం.

టెస్ట్ చేయించేటప్పుడు టీడీఎస్ (నీళ్ళల్లో కరిగిన లవణాలు), ఫ్లోరైడ్ చూసే మామూలు టెస్ట్‌లో ఇవేవీ తెలీవు. ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకి గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో బెంజీన్, టొలీన్, ఇథైల్‌బెంజీన్, జైలీన్ నాలుగూ చూడమని అడగండి, శాంపిల్ కూడా వాళ్ళనే వచ్చి తీసుకోమనండి. కూల్‌డ్రింక్ బాటిల్‌లో పట్టుకుపోతే దండగే, చిన్న గాజు సీసాలో అంచుదాకా, ఒక్క బుడగ కూడా లేకుండా నింపి ఐస్‌లో పెట్టాలి, లేకుంటే దారిలోనే ఆవిరైపోయి రిపోర్ట్ శుభ్రంగా వస్తుంది.

రిపోర్ట్ రాగానే కాలుష్య నియంత్రణ మండలికి, కలెక్టరేట్‌లో రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. అనుమానం బంకు మీదైతే పెసోకి (పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ) కూడా ఒక కాపీ పంపండి, ట్యాంకులకి లైసెన్స్ ఇచ్చేది వాళ్ళే. ముందు కారేది ఆపాలి, తర్వాతే శుభ్రం చేసే పని, అంటే మట్టి తవ్వడం, ఆవిరి లాగడం, కిందికి గాలి పంపడం. ఏళ్ళు పట్టొచ్చు.

మా చిన్నాయన ఇప్పుడు క్యాన్ నీళ్ళు తెప్పించుకుంటా ఉన్నాడు, బోరుకి ఒక టెస్ట్ వానల తర్వాత అయింది, ఇంకోటి మే నెలలో, మట్టం బాగా దిగినప్పుడు.