నేల బ్యాక్టీరియాతో బయోప్లాస్టిక్ – మూడవ పాఠం: నత్రజని తగ్గితేనే నిల్వ

గత పాఠం చేసిన వారిలో చాలామందికి చివరి మెట్టులో నిరాశ ఎదురైంది. మట్టి కలిపిన నీటిని 80 డిగ్రీల వద్ద పది నిమిషాలు వేడిచేయడం, ఆ వేడిని తట్టుకుని నిలిచిన బాసిల్లస్ జాతి బ్యాక్టీరియాను ప్లేట్లపై పెంచడం అందరూ సరిగానే చేశారు. మహబూబ్‌నగర్ చెల్క మట్టి తీసుకున్న వారికీ, నల్లగొండ బత్తాయి తోటల మట్టి తీసుకున్న వారికీ దళసరి కాలనీలు వచ్చాయి. సూడాన్ బ్లాక్ రంగు వేసి మైక్రోస్కోపులో చూస్తే మాత్రం పీహెచ్‌బీ (పాలీహైడ్రాక్సీబ్యూటిరేట్, బ్యాక్టీరియా తన కణంలో నిల్వచేసుకునే ప్లాస్టిక్) రేణువులు కనిపించలేదు. కాబట్టి కణాలనుండి ప్లాస్టిక్‌ను వెలికితీసే పద్ధతిని వచ్చే పాఠానికి వాయిదా వేసి, ఆ రేణువులు ఎందుకు ఏర్పడలేదో ముందు తేల్చుకుందాం.

వనపర్తి నుండి ఒక డిగ్రీ విద్యార్థిని పంపిన స్లైడు ఫొటోలో గులాబీ రంగు కణాలు బారులు తీరి ఉన్నాయి. ఒక్కొక్క కణంలో రంగు పట్టని, మెరిసే, గుడ్డు ఆకారపు మచ్చ ఒకటి ఉంది. దానినే ఆమె పీహెచ్‌బీ అనుకున్నారు. అది ఎండోస్పోర్, అంటే గడ్డు పరిస్థితిని తట్టుకోవడానికి బ్యాక్టీరియా తనలో కట్టుకునే గట్టి విత్తనం వంటి రూపం. పీహెచ్‌బీ రేణువు సూడాన్ బ్లాక్‌ను పీల్చుకుని నీలి నలుపుగా, గుండ్రంగా, సాధారణంగా ఒకే కణంలో ఒకటికి మించి కనిపిస్తుంది.

అసలు చిక్కు మాధ్యమంలో, అంటే బ్యాక్టీరియాను పెంచే పోషకాల మిశ్రమంలో ఉంది. నేనిచ్చిన కొలతలకు తోడు, కాలనీలు త్వరగా రావాలని పెప్టోన్, ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ అనే నత్రజని దండిగా ఉన్న పోషకాలు కలిపినట్లు సగం మందికి పైగా రాశారు. ఏపుగా పెరిగితే ప్లాస్టిక్ కూడా ఎక్కువ వస్తుందనే ఈ నమ్మకం ఎంత గట్టిదంటే, మొదటి పాఠంలో వద్దని చెప్పినా మళ్లీ అదే జరిగింది. అందుకే ఈసారి కారణంతో సహా చెబుతాను.

1926లో ఫ్రాన్స్ శాస్త్రవేత్త మారిస్ లెమొయిన్ బాసిల్లస్ మెగటీరియం అనే బ్యాక్టీరియాలో గుర్తించిన పీహెచ్‌బీ ఆ జీవికి గాదెలోని ధాన్యం వంటిది. నత్రజని సమృద్ధిగా ఉన్నంతసేపు బ్యాక్టీరియా చక్కెరనుండి వచ్చే అసిటైల్ కోఎంజైమ్-ఏ అనే ముడిసరుకును శక్తికీ, కొత్త కణాలు కట్టుకోవడానికీ ఖర్చు చేస్తుంది. ఆ పనిలో విడుదలయ్యే కోఎంజైమ్-ఏ పీహెచ్‌బీ తయారీలోని మొదటి ఎంజైము బీటా కీటోథయోలేజ్‌ను అణచి ఉంచుతుంది. నత్రజని అయిపోయి చక్కెర ఇంకా మిగిలి ఉన్నప్పుడు ప్రోటీన్ల తయారీ ఆగుతుంది, అసిటైల్ కోఎంజైమ్-ఏ పోగుపడుతుంది, అణచివేత సడలుతుంది, అప్పుడే రేణువులు ఏర్పడతాయి. మీరు పెప్టోన్ కలిపిన ప్లేటులో ఆ క్షణం రాకముందే చక్కెర అయిపోయింది, కణాలు ఎండోస్పోర్లుగా మారాయి.

ఇప్పుడు నేనిచ్చిన కొలతల లెక్క చూడండి. లీటరుకు 20 గ్రాముల గ్లూకోజులో 8 గ్రాముల కార్బన్ ఉంటుంది; 1 గ్రాము అమ్మోనియం సల్ఫేటులో 0.21 గ్రాముల నత్రజని ఉంటుంది. కార్బన్, నత్రజనుల నిష్పత్తి దాదాపు 38కి 1. దీనికి 5 గ్రాముల పెప్టోన్, 3 గ్రాముల ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ చేర్చారంటే ఇంకో గ్రాము దాకా నత్రజని వచ్చి పడుతుంది. వాటిలోని కార్బన్‌ను లెక్కలో కలుపుకున్నా నిష్పత్తి పదికి చేరదు.

మిర్యాలగూడ రైస్ మిల్లుల తవుడు చవకగా దొరుకుతుందని గ్లూకోజుకు బదులు అదే వాడిన వారిదీ ఇదే సమస్య. తవుడులో నూటికి 12 నుండి 15 వంతుల దాకా ప్రోటీన్ ఉంటుంది. ప్రోటీన్ బరువును 6.25తో భాగిస్తే వచ్చేది నత్రజని. పైగా తవుడులోని కార్బన్‌లో కొంత పీచులో చిక్కుకుని బ్యాక్టీరియాకు అందదు. అదే మిల్లులో దొరికే నూకల్లో పిండిపదార్థం ఎక్కువ, ప్రోటీన్ తవుడులో ఉన్నదానిలో దాదాపు సగమే. ఉడికించి, అమైలేజ్ ఎంజైముతో చక్కెరగా మార్చి వాడదలిస్తే నేను నూకలనే ఎంచుకుంటాను. తవుడును కొంచెం నత్రజని కోసం, అమ్మోనియం సల్ఫేటుకు బదులుగా వాడవచ్చు.

మాధ్యమం కలిపేటప్పుడు నేను నత్రజనినిచ్చే అమ్మోనియం సల్ఫేటునే ముందుగా తూచి పక్కన పెడతాను; మిగిలిన వాటిలో కాస్త అటూ ఇటూ అయినా నష్టం లేదు. గ్లూకోజును లవణాలతో కలిపి ఆటోక్లేవ్ చేయకండి (ఒత్తిడి ఆవిరితో సూక్ష్మజీవులను చంపడం). విడిగా చేసి చల్లారాక కలిపితే ద్రావణం గోధుమ రంగుకు తిరగదు. 500 మిల్లీలీటర్ల ఫ్లాస్కులో 100 మిల్లీలీటర్లకు మించి పోయవద్దు, గాలి అందాలి. ఎండాకాలంలో చల్లబరిచే ఏర్పాటు లేని ఇంక్యుబేటర్ గది వేడికంటే కిందికి దిగదు కాబట్టి, 30 డిగ్రీలు కావలసినవారు నవంబరు, డిసెంబరుల్లో ఈ పని పెట్టుకుంటే మేలు.

స్మియర్ చేయడం, అంటే కణాలను గాజు స్లైడుపై పలుచగా పూయడం, మీకు వచ్చినదే. 70 శాతం ఆల్కహాలులో 0.3 శాతం సూడాన్ బ్లాక్ బీని తప్పనిసరిగా వడపోసి వాడండి, లేకపోతే రంగు నలుసులే రేణువుల్లా భ్రమ కలిగిస్తాయి. పది నిమిషాలు ఉంచి, జైలీన్‌తో కడిగి, కణాలకు గులాబీ రంగునిచ్చే 0.5 శాతం సఫ్రనిన్‌ను పది సెకన్లు వేయండి.

అభ్యాసం: ఒకే కాలనీనుండి రెండు ఫ్లాస్కులు మొదలుపెట్టండి; ఒకటి 38కి 1 నిష్పత్తిలో, రెండవది పెప్టోన్, ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ కలిపి. మూడు రోజులపాటు పన్నెండు గంటలకొకసారి, రాత్రి వేళతో సహా, రెండింటినుండీ స్లైడు చేయండి. ప్రతి స్లైడులో వంద కణాలు లెక్కించి, వాటిలో ఎన్నింటికి నల్లని రేణువులున్నాయో, ఎన్నింటికి ఎండోస్పోర్ ఉందో రెండు గడుల్లో విడివిడిగా రాయండి. చక్కెర అయిపోయాక బ్యాక్టీరియా తన నిల్వను తానే తినేస్తుంది గనుక, మొదటి ఫ్లాస్కులో రేణువుల సంఖ్య ఏ గంటకు ఎక్కువై, ఎప్పటినుండి తగ్గిందో గుర్తించండి. వచ్చే పాఠంలో కణాలను సేకరించవలసింది ఆ గంటకే.