మనోవర్తి బకాయి వసూలుకు కోర్టులో దరఖాస్తు చేసే విధానం

భార్యకు నెలనెలా మనోవర్తి చెల్లించాలని కోర్టు ఉత్తర్వు ఇచ్చినంత మాత్రాన డబ్బు దానంతట అది ఖాతాలో పడదు. భర్త చెల్లించకపోతే, ఆ బకాయి వసూలు చేయించమని భార్య మళ్లీ కోర్టుకు దరఖాస్తు పెట్టుకోవాలి. 2024 జూలై 1న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమల్లోకి వచ్చాక పాత నేర విచారణ స్మృతి (సీఆర్‌పీసీ)లో మనోవర్తి ఇప్పించే 125వ సెక్షన్ స్థానంలో 144వ సెక్షన్, ఆ ఉత్తర్వును అమలు చేయించే 128వ సెక్షన్ స్థానంలో 147వ సెక్షన్ వచ్చాయి. పాత చట్టం కింద వచ్చిన మనోవర్తి ఉత్తర్వులు మాత్రం చెల్లుబాటులోనే ఉన్నాయి కాబట్టి, సెక్షన్ నంబరు మారిందని కంగారు పడవలసిన పని లేదు.

అన్నింటికంటే ముందు చూసుకోవలసింది గడువు. 144వ సెక్షన్‌లోని మూడో ఉపసెక్షన్ ప్రకారం, బకాయి చెల్లించవలసిన తేదీ నుంచి ఏడాదిలోగా దరఖాస్తు చేయకపోతే ఆ మొత్తానికి వసూలు వారంటు జారీ కాదు. ఈ ఏడాది లెక్క ఏ నెల బకాయికి ఆ నెలదే. పెద్దమనుషులు మాట్లాడుతున్నారనో, పంటలు అమ్మగానే మొత్తం ఒకేసారి ఇస్తానన్నాడనో రెండేళ్లు ఊరుకున్న ఆడవాళ్లు మొదటి ఏడాది బకాయికి వారంటు అడిగే హక్కును చేజేతులా పోగొట్టుకుంటున్నారు. రాజీ మాటలు నడుస్తున్నా సరే, దరఖాస్తు వేసి ఉంచడమే మేలు. రాజీ కుదిరితే దాన్ని ఎప్పుడైనా ఉపసంహరించుకోవచ్చు. ఒకసారి గడువులో వేసిన దరఖాస్తు పెండింగులో ఉండగా పేరుకుపోయే తర్వాతి నెలల బకాయికి మళ్లీ కొత్త దరఖాస్తు అవసరం లేదని సుప్రీంకోర్టు 2005లో శాంత కేసులో చెప్పింది.

దరఖాస్తును ఉత్తర్వు ఇచ్చిన ఫ్యామిలీ కోర్టులో గాని, మేజిస్ట్రేటు కోర్టులో గాని వేయవచ్చు. భర్త వేరే ఊరికి మకాం మార్చి ఉంటే, 147వ సెక్షన్ కింద అతడు ఉన్నచోటి మేజిస్ట్రేటు కూడా ఆ ఉత్తర్వును అమలు చేయవచ్చు. గుంటూరులో వచ్చిన ఉత్తర్వును హైదరాబాదులో అమలు చేయించాలంటే, ఉత్తర్వులో ఉన్న వ్యక్తి ఇతడేనని, డబ్బు చెల్లించలేదని అక్కడి మేజిస్ట్రేటుకు నమ్మకం కలిగించగలగాలి. ఉత్తర్వు నకలును భార్యకు ఉచితంగా ఇవ్వాలని అదే సెక్షన్ చెబుతోంది కనుక దాన్ని అడిగి తీసుకోండి. వకీలును పెట్టుకునే స్తోమత లేకపోతే జిల్లా కోర్టు ఆవరణలోనే ఉండే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టంలోని 12వ సెక్షన్ ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలందరికీ ఉచిత న్యాయ సహాయం అందుతుంది. 15100 నంబరుకు ఫోన్ చేసినా దారి చెబుతారు.

దరఖాస్తులో మనోవర్తి కేసు నంబరు, ఉత్తర్వు తేదీ, నెలకు ఎంత, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు బాకీ అన్నవి రాసి, ప్రమాణ పత్రం (అఫిడవిట్) జతచేయాలి. చాలా దరఖాస్తులు తడబడేది లెక్క దగ్గరే. ఉదాహరణకు, 2023 జూన్ 1న వేసిన కేసులో, దరఖాస్తు తేదీ నుంచి నెలకు 8,000 రూపాయలు ఇవ్వాలని 2025 జనవరి 31న ఉత్తర్వు వచ్చిందనుకుందాం. అప్పటికి 20 నెలలు, అంటే 1,60,000 రూపాయలు. మధ్యలో భర్త ఫోన్‌పేలో మూడు విడతలుగా 30,000 పంపి ఉంటే, దాన్ని దాచకుండా తేదీలతో సహా చూపించి, బకాయి 1,30,000 అని రాయాలి. ఆ 30,000 లెక్కలో చూపకపోతే భర్త తరఫు వకీలు బ్యాంకు స్టేట్‌మెంటు తెచ్చి పెడతాడు, ఆ తర్వాత మీ మిగతా లెక్కను కూడా కోర్టు అనుమానంగానే చూస్తుంది. మనోవర్తిని దరఖాస్తు తేదీ నుంచే ఇప్పించాలని రజనీశ్, నేహాల కేసులో 2020 నవంబరు 4న సుప్రీంకోర్టు చెప్పినా, మీ ఉత్తర్వులో ఏ తేదీ ఉందో చదివి చూసుకున్నాకే లెక్క వేయాలి.

లెక్క తర్వాత ముఖ్యమైనది ఆస్తుల చిట్టా. భర్త ఉద్యోగం చేసే చోటు, బ్యాంకు ఖాతా, వాహనం నంబరు, పొలం సర్వే నంబరు వంటివి ఎంత కచ్చితంగా ఇస్తే వారంటుకు అంత బలం. ఆంధ్రప్రదేశ్‌లో పొలం వివరాలకు ప్రభుత్వ ‘మీ భూమి’ వెబ్‌సైటులో దొరికే 1బి (పొలం ఎవరి పేరున ఉందో చూపే రికార్డు) నకలు పనికివస్తుంది. రజనీశ్ కేసు తర్వాత ఇరుపక్షాలూ ఆస్తులు, అప్పుల అఫిడవిట్ వేయడం తప్పనిసరి అయింది కనుక, అసలు కేసులో భర్త వేసిన అఫిడవిట్ నకలు తీసుకుంటే సగం పని అందులోనే అయిపోతుంది.

నోటీసు అందుకున్న భర్త, చెల్లించకపోవడానికి తగిన కారణం ఉంటే కోర్టుకు చెప్పుకోవచ్చు. ఉత్తర్వును తిరిగి పరిశీలించమని పైకోర్టులో రివిజన్ వేశానని చెప్పడం మాత్రం కారణం కాదు; అమలును ఆపుతూ పైకోర్టు ఇచ్చిన స్టే ఉత్తర్వు చూపాలి. నిజంగానే ఆదాయం పడిపోయినవారు మనోవర్తి తగ్గించమని 146వ సెక్షన్ కింద అడగాలి తప్ప, తమంతట తాము చెల్లింపు ఆపేయకూడదు. కారణం నిలవకపోతే కోర్టు జరిమానా వసూలు చేసే పద్ధతిలో వారంటు జారీ చేస్తుంది: చరాస్తిని జప్తు చేసి అమ్మిస్తుంది, లేదా భూమిశిస్తు బకాయిలాగా వసూలు చేయమని కలెక్టరుకు పంపుతుంది. అలా వసూలు చేయగా మిగిలిన బాకీకే జైలు. అది ఒక నెల వరకు, లేదా అంతకు ముందే చెల్లిస్తే చెల్లించేంతవరకు. ఈ ఒక నెల పరిమితిని మేజిస్ట్రేటు పెంచలేరని, ఆ తర్వాతా చెల్లించకపోతే భార్య మళ్లీ కోర్టుకు రావాలని షహదా ఖాతూన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

జైలుకు వెళ్లి వస్తే బాకీ తీరిపోయినట్టే అనుకునే మగవాళ్లు ఊరికొకరు ఉంటారు. అది పొరపాటు. జైలు అన్నది డబ్బు కట్టించడానికి వాడే ఒత్తిడి మాత్రమేనని, బాకీ తీరేది చెల్లింపుతోనేనని కుల్దీప్ కౌర్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. విదేశంలో ఉన్నవారికి ఇంకో చిక్కు ఉంది: కోర్టు సమన్లు గాని అరెస్టు వారంటు గాని జారీ అయి ఉంటే, 1967 నాటి పాస్‌పోర్టు చట్టం 10వ సెక్షన్ కింద పాస్‌పోర్టును స్వాధీనం చేసుకునే అధికారం పాస్‌పోర్టు అధికారికి ఉంది.

మీ ఉత్తర్వు 2005 నాటి గృహహింస చట్టం కింద వచ్చినదైతే, 20వ సెక్షన్ ప్రకారం భర్త జీతం నుంచి నేరుగా మీకు చెల్లించమని అతడి యజమానిని ఆదేశించాలని అడగవచ్చు. నెలజీతం వాళ్ల విషయంలో ఇది అన్నిటికన్నా సూటి మార్గం. హిందూ వివాహ చట్టం కింద వచ్చినదైతే సివిల్ డిక్రీ మాదిరిగా అమలు పిటిషన్ వేయాలి. మామూలు అప్పు డిక్రీలకు జీతంలో ఉండే మినహాయింపు మనోవర్తి డిక్రీకి అంతగా ఉండదు, జీతంలో మూడో వంతు మాత్రమే జప్తు నుంచి తప్పుతుంది.

వారంటు పడ్డాక చాలామంది భర్తలు వాయిదా రోజున కొంత డబ్బు తెచ్చి కోర్టు హాల్లోనే ఇస్తారు. తీసుకోండి, కానీ ఎంత ముట్టిందో, ఏ నెలలకు జమో, ఇంకా ఎంత మిగిలిందో రాసిన మెమో మీద మాత్రమే సంతకం పెట్టండి. బకాయి మొత్తం ముట్టిందని రాసిన కాగితం మీద తొందరపడి సంతకం పెడితే, మిగిలిన డబ్బు రాలేదని తర్వాత రుజువు చేసుకోవలసిన భారం మీ మీదే పడుతుంది.